రెండు వారాల సీసా

ఇంట్లో పండ్ల గుజ్జు చేసి ఎవరికైనా ఒక సీసా ఇస్తే, వారు రుచి గురించి అడగడానికి ముందే "ఎన్నాళ్లు నిల్వ ఉంటుంది?" అని అడుగుతారు. మొన్నీమధ్య మా వదిన కూడా అదే అడిగింది. ఆపిల్ పండ్లను దాల్చినచెక్క, అల్లం వేసి గంటన్నర సేపు సన్నని సెగ మీద మగ్గబెట్టి, ఉదయం పూట బ్రెడ్డు మీద రాసుకోవడానికి చేసిన గుజ్జు అది. ఫ్రిజ్‌లో పెడితే రెండు వారాలు ఉంటుందని చెప్పాను. "ఇంత శ్రమపడి చేసింది రెండు వారాలకేనా?" అంటూ ఆమె సీసాను వెలుతురులోకి ఎత్తి చూసింది. ఆ చూపుకు, నేనేదో పనిని సగంలో వదిలేసి వచ్చినట్టు నాకే అనిపించింది.

ఆమె మాటను తేలిగ్గా తీసిపారేయడానికి లేదు. ఏడాదికి ఒకసారి ఆరు కిలోల పండ్లు తెచ్చి, రోజంతా వంటగదిలోనే ఉండి, సీసాలను మరిగించి, మూతలు బిగించి, వాటి మీద తేదీలు రాసి అలమారలో వరుసగా పేర్చే మనిషి ఆమె. ఆ వరుసను చూస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది. అయినా ఆ రోజు ఇంటికి తిరిగి వస్తూ ఆలోచించిన కొద్దీ ఆ ప్రశ్నలోనే ఏదో మెలిక ఉందనిపించింది. ఉదయం తినడానికి వండుకునే పండ్ల గుజ్జును నిల్వ సరుకుగా చూసినంత కాలం దాన్ని మనం సరిగా వండలేమని, అందులో చక్కెర ఎంత వేయాలి, మసాలా ఎంత పడాలి, ఎన్ని పండ్లు తేవాలి అన్నవన్నీ నాలుకను బట్టి కాక అలమారను బట్టి తేలిపోతాయని నా అభిప్రాయం.

చక్కెర ఎవరి కోసం

జామ్‌లో చక్కెర తీపి కోసమే వేస్తారని నేను చాలాకాలం అనుకున్నాను. అందుకే మొదటిసారి ఒక జామ్ వంటకాన్ని ముందు పెట్టుకుని, తీపి ఎక్కువవుతుందని చక్కెరను సగానికి తగ్గించి, మిగిలినదంతా చెప్పినట్టే చేసి, సీసాను అలమారలో పెట్టాను. తొమ్మిదో రోజు మూత తీస్తే పైన చిటికెన వేలి గోరంత బూజు మచ్చ, చుట్టూ తెల్లగా, నడుమ ఆకుపచ్చగా, చక్కగా గీసినట్టు గుండ్రంగా ఉంది. చెంచాతో ఆ మచ్చ వరకు తీసేసి మిగిలినది తినవచ్చు కదా అని ఒక నిమిషం ఆలోచించాను కూడా. బూజు పోగులు కంటికి కనిపించే మచ్చకు కింద మెత్తటి పదార్థంలో చాలా లోతు వరకు పాకి ఉంటాయని గుర్తొచ్చి సీసా మొత్తం పారబోశాను.

ఆ వంటకంలో తప్పేమీ లేదు, దాని లెక్కను నేనే చెడగొట్టాను. జామ్‌లో చక్కెర నీటిని పట్టి ఉంచుతుంది, నీరు ఉన్నా అది సూక్ష్మజీవులకు అందకుండా పోతుంది. జామ్ గడ్డకట్టడానికి కూడా ఆ చక్కెరే కావాలి. పండులోని పెక్టిన్ అనే జిగురు పదార్థం అల్లుకుని గడ్డగా నిలబడాలంటే తగినంత పులుపు, దానితోపాటు చాలా చక్కెర అవసరం. అంతర్జాతీయంగా పాటించే కోడెక్స్ ఆహార ప్రమాణం జామ్‌లో కరిగి ఉండే ఘనపదార్థం, అంటే చాలావరకు చక్కెరే, 60 నుంచి 65 శాతం లేదా అంతకు మించి ఉండాలని చెబుతుంది. పాకం 104, 105 డిగ్రీల సెల్సియస్ దగ్గరకు వచ్చేదాకా మరిగించమని వంటకాలు చెప్పేది ఆ చిక్కదనం కోసమే. పండు ఎంతో చక్కెరా అంతే అన్న పాత కొలతకు మూలం ఇక్కడ ఉంది.

గుజ్జుకు ఈ నియమాలు వర్తించవు. అది గడ్డకట్టవలసిన అవసరం లేదు. పండులోని నీరు ఇగిరిపోయి, పీచు, పండు చక్కెర దగ్గరపడి, దానంతట అదే చిక్కబడుతుంది. ఇంగ్లిషులో దీనిని ఆపిల్ బటర్ అంటారు గాని అందులో వెన్న చుక్క కూడా ఉండదు, వెన్నలాగా కత్తితో రాసుకోవడానికి వీలుగా ఉంటుందని ఆ పేరు వచ్చింది. అమెరికా ఆహార నియమాలు ఈ రకం ఫ్రూట్ బటర్‌కు కనీసం 43 శాతం ఘనపదార్థం ఉంటే చాలంటాయి. జామ్‌కూ దీనికీ మధ్య ఉన్న ఆ దాదాపు ఇరవై శాతం తేడాయే నా వాదనకు ఆధారం.

ఒకసారి కాగితం మీద లెక్క వేసి చూశాను. తొక్క, గింజలు తీసిన కిలో ఆపిల్ ముక్కల్లో సుమారు 140 గ్రాముల ఘనపదార్థం ఉంటుంది, తక్కినదంతా నీరే. దానికి నేను వేసే చక్కెర 100 గ్రాములు. ఆ 240 గ్రాములు 43 శాతానికి దగ్గరపడేసరికి గిన్నెలో దాదాపు 560 గ్రాముల గుజ్జు మిగులుతుంది. అంటే 20 గ్రాముల చెంచాలో నేను కలిపిన చక్కెర మూడున్నర గ్రాములకు కొంచెం ఎక్కువ. అదే కిలో పండుకు కిలో చక్కెర వేసి 65 శాతానికి దించిన జామ్ అయితే ఒక చెంచాకు కలిపిన చక్కెరే పదకొండు గ్రాములు దాటుతుంది.

ఇంతవరకు నా పక్షం బాగానే ఉంది. అయితే లెక్క ఇక్కడ ఆపితే నన్ను నేను మోసం చేసుకున్నట్టే. పండులో మొదటినుంచీ ఉన్న చక్కెర ఎక్కడికీ పోదు, నీరు ఇగిరిన కొద్దీ అదీ దగ్గరపడుతుంది. దానిని కూడా కలిపితే నా గుజ్జులో ఒక చెంచాకు ఏడు గ్రాములకు పైగా తేలింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015 మార్గదర్శకాల ప్రకారం విడి చక్కెరల (అంటే మనం కలిపే చక్కెర, తేనె, పండ్ల రసాల్లో ఉండే చక్కెర) నుంచి వచ్చే శక్తి రోజు మొత్తంలో పది శాతం లోపు ఉండాలి, ఐదు శాతం లోపు ఉంటే మరీ మంచిది. రెండు వేల కెలోరీలు తినే మనిషికి అది 50 గ్రాములు, 25 గ్రాములు అవుతుంది. బ్రిటన్‌లో వాడే నిర్వచనమైతే మెత్తగా నలిపిన పండులోని చక్కెరను కూడా విడి చక్కెర కిందే కడుతుంది. అంతకంటే నన్ను ఇబ్బంది పెట్టిన సంగతి నా బ్రెడ్డు మీదే ఉంది. తీపి తక్కువ, పైగా మెత్తగా జారుతుంది కాబట్టి చెయ్యి రెండో చెంచా వేస్తుంది. రెండు చెంచాల గుజ్జు ఒక చెంచా జామ్‌ను దాటేస్తుంది. కనుక దీనిని ఆరోగ్యం పేరుతో ఎవరికీ సిఫారసు చేయను. పండు తినాలనుకునేవారికి పండే ఉంది. నా అభ్యంతరమల్లా అవసరం లేని చోట వేసిన చక్కెర పండు రుచిని మింగేయడం గురించే.

మసాలా లెక్క

చక్కెర తగ్గగానే బయటపడేది మసాలా. జామ్‌లో నాలుగు లవంగాలు ఎక్కువైనా తీపి వాటిని కొంత కప్పేస్తుంది, గుజ్జులో ఆ దాపరికం ఉండదు. రెండోసారి చేసినప్పుడు నాకు ఆ సంగతి తెలియక, కిలో పండ్లకు పది లవంగాలు పొడి కొట్టి మొదట్లోనే వేశాను. వేడి మీద రుచి చూస్తే బాగానే ఉంది. మూడో రోజు ఉదయం రెండు ముక్కలు తినేసరికి నాలుక కొస మొద్దుబారి, పళ్ల డాక్టరు దగ్గరనుంచి అప్పుడే లేచి వచ్చినట్టయింది. పోలిక ఊరికే అన్నది కాదు, లవంగంలో ఉండే యూజెనాల్‌నే దంతవైద్యంలో నొప్పి తెలియకుండా ఉండటానికి వాడతారు.

అప్పటినుంచి రెండు పద్ధతులు పెట్టుకున్నాను. లవంగాలను, దాల్చినచెక్కను పొడి చేయకుండా ముక్కలుగానే వేస్తాను, కిలో పండ్లకు రెండు లవంగాలు, వేలెడంత చెక్క, అంతే. రుచి సరిపోయిందనిపించిన క్షణంలో వాటిని తీసి పారేయవచ్చు, పొడిని వెనక్కి తీసుకునే దారి లేదు. పైగా దాల్చినచెక్క పొడి తడిలో ఉబ్బి కొద్దిగా జిగురు తెస్తుంది, అది ఆపిల్ మెత్తదనంతో కలిస్తే నాలుకకు ఏదోలా ఉంటుంది. అల్లం మొదటినుంచీ ఉడకవచ్చు, ఉడికిన కొద్దీ దాని ఘాటు సర్దుకుంటుంది. యాలకులు, జాజికాయ మాత్రం గిన్నె దించాకే. వాటి పరిమళం ఆవిరితో పాటు ఎగిరిపోయే రకం. పొయ్యి మీద ఉండగా ఇల్లంతా యాలకుల వాసన ఘుమఘుమలాడుతోందంటే, అది గుజ్జులో లేదని, గోడలకు పట్టిందని అర్థం.

రెండో పద్ధతి, వేడి మీద చూసిన రుచిని నమ్మకపోవడం. ఒక చెంచా గుజ్జును చిన్న పళ్లెంలో వేసి ఫ్రిజ్‌లో పది నిమిషాలు ఉంచి, చల్లారాక చూస్తాను. చల్లబడితే తీపి తగ్గినట్టు, మసాలా పెరిగినట్టు తెలుస్తుంది. మర్నాటికి ఇంకా పెరుగుతుంది. కనుక వండిన రోజు కొంచెం తక్కువైందే అనిపించడమే సరైన కొలత.

దాల్చినచెక్క విషయంలో ఒక మిత్రుడు నన్ను భయపెట్టాడు. మామూలుగా దొరికే ముదురు, మందపాటి కాసియా చెక్కలో కూమరిన్ అనే పదార్థం ఉంటుందని, అది ఎక్కువైతే కాలేయానికి మంచిది కాదని, పలచని పొరల సిలోన్ చెక్కలో అది బహు తక్కువని. అతను చెప్పింది నిజమే. యూరోపియన్ ఆహార భద్రతా సంస్థ రోజుకు శరీరపు బరువులో కిలోకు 0.1 మిల్లీగ్రాము వరకు పరవాలేదంటుంది. కాని నా గిన్నెలో ఉన్నది ఒక్క చెక్క ముక్క, అదీ ఇరవై ఎనిమిది చెంచాలకు పంచినది. రోజూ చెంచాడు పొడి మింగేవారి సంగతి వేరు.

గరిటె గీసిన గీత

వండే విధానం గురించి రాయడానికి ఎక్కువ లేదు. అడుగు మందంగా, నోరు వెడల్పుగా ఉన్న గిన్నె, అరకప్పు నీళ్లు, మూత పెట్టి ఇరవై నిమిషాలు మగ్గనివ్వడం, ఆ తరువాత ముక్కలను మెత్తగా మెదిపి, చక్కెర, అర నిమ్మకాయ రసం, చిటికెడు ఉప్పు వేసి, మూత తీసి ఇగరబెట్టడం. వెడల్పాటి గిన్నె ఎందుకంటే నీరు పోవలసింది పైనుంచే కదా. లోతైన గిన్నెలో అదే పని రెండింతలు పడుతుంది, అడుగంటే ప్రమాదమూ అంతే పెరుగుతుంది.

ఆ ఇగిరే గంటలో గిన్నె చేసే శబ్దం మారుతుంది. మొదట నీళ్లలా గలగలమంటుంది. తరువాత కుతకుత. చివరి పావుగంటలో బుడగలు బరువెక్కి, ఒక్కొక్కటీ పైకి లేచి, టప్పున పగిలి, వేడి గుజ్జును జానెడు ఎత్తుకు చిమ్ముతుంది. నా ముంజేతి మీద ఇప్పటికీ బియ్యపుగింజంత మచ్చ ఉంది. నీళ్ల చుక్క అయితే జారిపోయేది, గుజ్జు అతుక్కుని కూర్చుని కాలుస్తుంది. పొడుగాటి చెక్క గరిటె, పొడుగు చేతుల చొక్కా అలంకారానికి కావు.

ఎప్పుడు దించాలన్నది అందరూ అడిగే ప్రశ్న. గరిటెతో గిన్నె అడుగున ఒక గీత గీయండి. మొదట్లో గీయకముందే పూడిపోతుంది. కొంతసేపటికి అడుగు ఒక క్షణం మెరిసి మాయమవుతుంది. ఆ గీత ఒకటి, రెండు అని లెక్కపెట్టేంతసేపు నిలిచిందంటే దగ్గరపడినట్టే. ఇంకా అనుమానం ఉంటే చల్లని పళ్లెం మీద చెంచాడు గుజ్జు కుప్పగా పెట్టి చూడాలి. కుప్ప చుట్టూ నీటి అంచు ఊరితే ఇంకా కాలేదు, ఊరకపోతే అయింది. ఈ పళ్లెం పరీక్షే నాకు ఏ థర్మామీటరు కంటే నమ్మకం.

అంతసేపు పొయ్యి దగ్గర నిలబడే ఓపిక లేదనేవారు ఓవెన్‌లో వెడల్పు పళ్లెంలో 120 డిగ్రీల వద్ద పెట్టి అరగంటకోసారి కలిపితే చాలు. అడుగంటే భయం తక్కువ, రంగు కూడా ఇంకాస్త ముదురుగా వస్తుంది. కాకపోతే గీతను చూసే ఆనందం పోతుంది, అది నా బలహీనత.

మచ్చ పడిన పండ్లు

నిల్వ ఆలోచన వల్ల వచ్చే మరొక చిక్కు పండ్ల ఎంపికలో కనిపిస్తుంది. ఆరు కిలోలు ఒకేసారి వండాలంటే ఆరు కిలోల మంచి పండ్లు కావాలి, అన్నీ మంచివే దొరకవు, అప్పుడు "ఎలాగూ ఉడికిస్తాం కదా" అన్న మాట బయటికి వస్తుంది. దెబ్బ తగిలి కమిలిన పండును, కాస్త వాడిన పండును ఉడికించడంలో తప్పులేదు. కుళ్లిన ఆపిల్ సంగతి అలా కాదు. దాని మీద పెరిగే నీలి బూజు పాట్యులిన్ అనే విషాన్ని తయారుచేస్తుంది, అది మరిగించినంత మాత్రాన నశించదు, కుళ్లిన భాగాన్ని దాటి బాగున్నట్టు కనిపించే కండలోకి కూడా కొంత పాకుతుంది. ఆపిల్ రసంలో అది కిలోకు 50 మైక్రోగ్రాములు మించకూడదని కోడెక్స్ హద్దు పెట్టింది. కిలో పండ్లు వండేటప్పుడు ఒక కుళ్లిన పండును చెత్తబుట్టలో వేయడం కష్టం కాదు. ఆరు కిలోల్లో పదిహేను వేయవలసి వస్తే చెయ్యి తడబడుతుంది.

ఇక పులుపు. ఆపిల్, ప్లమ్, నారింజ వంటివి పుల్లని పండ్లు. అరటి, బొప్పాయి, బాగా పండిన అంజూర అంత పుల్లగా ఉండవు. బొటులిజం అనే ప్రాణాంతకమైన ఆహార విషబాధను తెచ్చే సూక్ష్మజీవి పెరగకుండా ఉండాలంటే, పులుపును కొలిచే పిహెచ్ (పులుపు పెరిగితే ఈ అంకె తగ్గుతుంది) 4.6 కంటే కిందికి ఉండాలి, ఈ పండ్లు ఆ గీత మీదో, దాటో ఉంటాయి. వాటి గుజ్జును మూత బిగించి అలమారలో దాచడం నిజంగా ప్రమాదం. నిమ్మరసం ధారాళంగా పిండి, ఫ్రిజ్‌లో పెట్టి, త్వరగా తినేయడమే మార్గం. నా రెండు వారాల సీసాలో వీటికీ చోటుంది, ఏడాది అలమారలో లేదు.

వదిన వాదన

ఇదంతా ఫోనులో వదినకు చెప్పాను. ఆమె ఓపికగా విని మూడు మాటలు అన్నది. ఆపిల్ వంటి పుల్లని పండును చక్కెర తగ్గించి కూడా నిల్వ చేయవచ్చని, సీసాను మూసి మరిగించాక దానిని కాపాడేది వేడీ మూతా గాని చక్కెర కాదని మొదటి మాట. ఇది కాదనలేను. 1810లో ఫ్రాన్స్‌కు చెందిన నికోలా అపెర్ ప్రచురించిన సీసాల పద్ధతికి ప్రాణం ఆ వేడే. అయితే మూత తీసిన మరుక్షణం ఆమె సీసా కూడా నా సీసా అయిపోతుంది, ఫ్రిజ్‌కు వెళ్లి రెండు వారాల లెక్క మొదలుపెడుతుంది.

రెండో మాట సమయం గురించి. నెలకు రెండుసార్లు గంటన్నర చొప్పున నేను పొయ్యి దగ్గర నిలబడితే ఏడాదికి ముప్పై ఆరు గంటలు, ఆమెకు ఒక్క రోజు. దీనికి నా దగ్గర జవాబు లేదు. ఆమెకు ఆ ఒక్క రోజు ఇష్టం, నాకు ఆ గంటన్నర ఇష్టం, అంతకు మించి వాదించడం మొండితనమవుతుంది. ఒక్కటి మాత్రం చెప్పగలను. ఆరు కిలోల్లో మసాలా తప్పితే ఏడాది పొడవునా ఆ తప్పునే తినాలి. రెండేళ్ల కిందట ఆమె దాల్చినచెక్క ఎక్కువ వేసిన ఏడాది, చుట్టాలందరికీ అడగకుండానే సీసాలు అందాయి. నా లవంగాల తప్పు పన్నెండో రోజుకు పూర్తయింది, పదమూడో రోజున సరిదిద్దుకున్నాను.

మూడో మాటే నన్ను తడబడేలా చేసింది. "రెండు కిలోలు చేసి, సగం చిన్న డబ్బాల్లో ఫ్రీజర్‌లో పెట్టుకోవచ్చు కదా, చక్కెరా అక్కరలేదు, మరిగించడమూ అక్కరలేదు" అంది. చేసి చూశాను. డబ్బా నిండా పోయకుండా పైన వేలి మందం ఖాళీ ఉంచాలి, గడ్డకట్టేటప్పుడు గుజ్జు పొంగుతుంది. ఒక డబ్బా మూడు వారాలకు తీసి ఫ్రిజ్‌లో కరగనిచ్చాను. అంచున కాస్త నీరు విడిచింది, చిన్న గిన్నెలో ఐదు నిమిషాలు వెచ్చచేసి కలిపితే కలిసిపోయింది. దించాక జాజికాయ కొంచెం కొత్తగా గీరి వేస్తే తేడా పట్టుకోవడం కష్టమే. ఇంత చక్కగా పనిచేసే ఉపాయాన్ని కాదనడానికి కారణం వెతికాను, దొరకలేదు.

రెండో డబ్బా ఇంకా ఫ్రీజర్‌లోనే ఉంది. దాని మీద వదిన పద్ధతిలో తేదీ కూడా రాశాను. తీద్దామని అనుకున్న ప్రతిసారీ బుట్టలో కొత్త పండ్లు కనిపిస్తున్నాయి, ఈ వారం బేరిపండ్లు. ఇవి రసం నిండినవి, పులుపు తక్కువ, గీత నిలబడటానికి రెండు గంటలు పట్టేలా ఉంది.